బ్యాంకాక్‌కు తోడొచ్చే ఫోను

పొద్దున తొమ్మిదింటికి అమర్నాథ్ గారి ఫోను వచ్చేసరికి షాహిద్ నోటినిండా ఉప్మా ఉంది. అందుకని స్పీకర్ నొక్కి ఫోను నా ముందుకు తోశాడు. ఆ ఉప్మాకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. లేకపోతే ఆ మాటలు నా చెవులారా వినేదాన్ని కాదు.

“కంగ్రాట్స్ షాహిద్ గారూ! ఈ ఏడు మా కంపెనీ పురుగుమందుల టార్గెట్ కొట్టేశారు. డీలర్ల ట్రిప్పులో మీ పేరుంది. బ్యాంకాక్, నాలుగు రోజులు, మీకూ మేడమ్‌కూ. ఈ సాయంత్రం ఆరులోపు ఇద్దరూ వస్తున్నట్టు చెప్పాలి. లేకపోతే లిస్టులో మీ వెనకున్న వాళ్లకు పోతుంది.”

నేను వంటింట్లోకి పరిగెత్తి, అక్కడేం పని లేక మళ్లీ పరిగెత్తుకొచ్చాను. మాకు పెళ్లయి నలభై రెండు రోజులు. అప్పటిదాకా ఇద్దరం కలిసి చేసిన దూరప్రయాణం మాచర్లలో మా అమ్మావాళ్లింటికి. బీఎస్సీ మూడో ఏడులో సరదాకు నేను చేయించుకున్న పాస్‌పోర్టులోనూ, షాహిద్ పాస్‌పోర్టులోనూ ఒక్క ముద్ర కూడా లేదు.

షాహిద్ ఉప్మా మింగి, “మిరప మీద పురుగు పుంజుకునే రోజుల్లో కొట్టు వదిలి ఎట్టా పోయేది?” అన్నాడు.

నరసరావుపేటలో మా పురుగుమందుల కొట్టుకు వచ్చే రైతులు మందు పేరు అడగరు. మిరపాకు కోసుకొని చొక్కా జేబులో వేసుకొచ్చి బల్ల మీద పెడతారు. రాలేనివాళ్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. షాహిద్ అగ్రికల్చర్ డిప్లొమా చదివాడు. ఆకు చూసి తెగులు చెబుతాడు, ఏం కొట్టాలో చెబుతాడు. అతను చెప్పందే వాళ్లు స్ప్రేయర్ భుజానికెత్తరు.

“ఫోనులో చూసి చెప్పేవాడివి, పేటలో ఉంటే ఏంది, బ్యాంకాక్‌లో ఉంటే ఏంది?” అన్నాడు మామయ్య మౌలాలీ.

“ఆ ఫోనులో ఉంది కొట్టు నంబరు నాన్నా. అది ఇక్కడ మోగుతుంటేనే బేరం.”

ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. నా ఫోను పెళ్లినాడు పసుపునీళ్ల గంగాళంలో పడి చనిపోయింది.

“అయితే చౌకలో ఇంకోటి కొందాం” అన్నాను. “కొత్త నంబరుతో వాట్సాప్ ఇక్కడే పెట్టుకొని పోతే, అక్కడ దిగాక అక్కడి సిమ్ము వేసుకున్నా అదే నడుస్తుంది. మామయ్య కొట్టు ఫోనులోంచి ఫొటోలు దానికి పంపుతారు. మీరు అక్కణ్ణుంచి చెప్పండి.”

“ఇదంతా నీకెట్టా తెలుసే?”

“బీఎస్సీ కంప్యూటర్స్ ఊరికే చదివానా?”

“అంత చదివినదానివి గంగాళంలో ఎందుకేశావు?”

మామయ్య పడీపడీ నవ్వాడు. షాహిద్ మాత్రం వేలు చూపించి మరీ చెప్పాడు: “ఆకు నాకు ఇక్కడ ఎట్టా కనపడుద్దో అక్కడా అట్టాగే కనపడాలి. అట్టాంటి ఫోను దొరికితేనే వస్తా. లేకపోతే ఆరింటికి మన పేర్లు కొట్టేయిస్తా.”

మధ్యాహ్నం కొట్టు ఫోను మామయ్యకు అప్పగించి, మల్లమ్మ సెంటర్‌లో బెంజిమిన్ సెకండ్ హ్యాండ్ ఫోన్ల కొట్టుకు వెళ్లాం. బెంజిమిన్, షాహిద్ స్కూల్లో ఒక్క బెంచీ.

“రెండు సిమ్ములు, పెద్ద తెర, బ్యాటరీ రోజంతా. ఏ దేశం సిమ్మైనా పడుద్ది” అంటూ నీలం రంగు ఫోను ఒకటి చేతిలో పెట్టాడు. “ఇంకెవరికైనా ఏడు వేలు. చెల్లెమ్మ మొహం చూసి ఐదున్నర.”

“నా మొహానికి తగ్గించవా?”

“నీ మొహానికి పెంచాలిరా.”

వేరేవాళ్లయితే కెమెరా చూడటానికి సెల్ఫీ తీసుకుంటారు. మావారు జేబులోంచి మిరపాకు తీసి, బెంజిమిన్ అద్దాల బల్ల మీద పరిచి, నాలుగు పక్కల నుంచీ నాలుగు ఫొటోలు తీశాడు. పక్కనున్న ఆడపిల్లలు మూతులకు చున్నీలు అడ్డం పెట్టుకున్నారు.

“ఈనెలు కూడా కనపడుతున్నాయి! భలే ఉంది” అన్నాడు.

“అయ్యో!” అన్నాను. “ఫొటో తీసేది రైతు ఫోను కదండీ. మనది చూసే ఫోను. చూడాల్సింది దీని తెర!”

షాహిద్ నాలుక కరుచుకున్నాడు. బెంజిమిన్ తన రెండో నంబరు అందులో వేసి వాట్సాప్ తెరిచాడు. ‘వచ్చిన ఫొటో ఏదైనా దీనికి పంపు నాన్నా’ అని షాహిద్ మామయ్యకు చెప్పిన రెండు నిమిషాలకే ఒకటి వచ్చింది. గురజాల దగ్గర రెండెకరాలు మిరప వేసిన పుల్లయ్య బాబాయి చేను. షాహిద్ మొహం మారిపోయింది.

“ఆకులన్నీ పసుపు తిరిగాయి. ఇది బొబ్బర.” అది మందుకు లొంగని వైరస్ తెగులు. పట్టిన మొక్కను పీకి పాతిపెట్టాల్సిందే. అప్పటికప్పుడు మామయ్యకు వాయిస్ మెసేజ్ పెట్టాడు: “ఆ సాలులో పసుపు తిరిగినవన్నీ పీకమని బాబాయికి చెప్పు.”

చెప్పేశానని క్షణంలో జవాబు వచ్చింది.

షాహిద్ దిగులుగా బల్ల మీదకు వాలాడు. ఏం తోచక నేను ఫోను తీసుకొని ఇందాకటి నాలుగు ఫొటోలూ తిప్పాను. బల్ల మీద ఆకు ముదురాకుపచ్చగా ఉంది. ఫొటోలో అదే ఆకు పసుపు రంగులో ఉంది.

“ఏమండీ, మీ జేబులో ఆకుక్కూడా బొబ్బరేనా?”

షాహిద్ ఆకును తెర పక్కన పెట్టి ఒక్కసారి చూశాడు, అంతే. బెంజిమిన్ చేతిలోని ఫోను లాక్కొని పుల్లయ్య బాబాయికి కొట్టాడు. ఎత్తలేదు. మళ్లీ కొట్టాడు. ఎత్తలేదు. మూడోసారికి ఎత్తాడు.

“బాబాయ్, ఆపు! ఒక్క మొక్క కూడా పీకబాక! ఎన్ని పీకావు?”

“నాలుగు. నిగనిగలాడతా ఉంటే పీకమంటావేంది రా? తెగులు నా చేలోనా, నీ కళ్లలోనా?”

“తప్పు నాదే బాబాయ్.”

“సర్లే. కూలోళ్లు టీ తాగుతున్నారు కాబట్టి నాలుగుతో పోయింది.”

ఫోను పెట్టేసి షాహిద్ నా వైపు చూడకుండా అన్నాడు: “వద్దు ఫర్హీన్. మల్లమ్మ సెంటర్ నుంచే నాలుగు మొక్కలు పీకించా. బ్యాంకాక్ నుంచి చేలకు చేలు పీకిస్తా. అమర్నాథ్ గారికి చెప్పేస్తా.”

ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. సెట్టింగుల్లోకి దూరాను. ఈ ఫోను పాత యజమాని ఎవరో రాత్రిళ్లు కళ్లు మండకుండా తెరను పసుపు చేసే మీట నొక్కి, అట్టాగే అమ్మేసినట్టున్నాడు. అది తీసేశాను. పుల్లయ్య బాబాయి చేను ఒక్కసారిగా పచ్చగా లేచి నిలబడింది.

“ఓర్నీ! తెర పాడైందని ఇద్దరు తిప్పి ఇచ్చేశారు” అన్నాడు బెంజిమిన్. “ఇప్పుడు ఏడు వేలు.”

“ఐదున్నరే” అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఫోనైతే కొన్నాం. కానీ కొట్టుకు తిరిగొచ్చినా షాహిద్ మొహం తేటపడలేదు. గడియారం ఐదుంబావు. జరిగింది విని మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“తప్పు నీదొక్కడిదే కాదురా. ఫొటో నా చేతిలో కూడా ఉంది. నేను చూడనన్నా లేదు. నువ్వు చెప్పావు గదా అని చెప్పేశా. ముప్పై ఏళ్ల నుంచి ఆకులు చూస్తన్నా, పసుపూ ఆకుపచ్చా తెలవదా నాకు? ఇక నుంచి ఇక్కడ నేను చూస్తా, అక్కడ నువ్వు చూడు. ఇద్దరికీ ఒకటే తోస్తేనే రైతుకు చెబుదాం.”

“తోచకపోతే?”

“ఆకు పట్టుకొని కొట్టుకు రమ్మంటా. మా కాలంలో ఫోన్లున్నాయా ఏంది?”

నేను బల్ల మీది మందు సీసాల మూతలు లెక్కపెట్టాను. పదిహేడు. ఐదూ నలభైకి అతను ఫోను తీశాడు.

“అమర్నాథ్ గారూ, ఇద్దరం వస్తున్నాం.”

నేను మామయ్య ఉన్నాడని కూడా చూడకుండా ఎగిరి గంతేశాను. రెండు సీసాలు దొర్లాయి.

“ఆగవే, ఇంకా అయిపోలేదు” అన్నాడు షాహిద్, సీసాలు నిలబెడుతూ. “ముందు ఒక రోజు పరీక్ష. రేపు కొట్టు నీదే నాన్నా. పొద్దున ఎనిమిదింటికి ఫర్హీనూ నేనూ బండి మీద అమరావతి పోతాం. కృష్ణ ఒడ్డున కూర్చొని సాయంత్రం దాకా ఈ ఫోనుతోనే కొట్టు నడుపుతా. ఎవరన్నా అడిగితే ఇద్దరూ దేశం దాటిపోయారని చెప్పు.”