రెండు బొట్లు

రికార్డును రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని, నిండు పాలగిన్నెను దించినంత జాగ్రత్తగా మిషను పళ్లెం మీద పెట్టాడు మునస్వామి. అది తిరుగుతుంటే పైన మెత్తటి బ్రష్షు ఆనించాడు. దుమ్మంతా సన్నటి గీతలా బ్రష్షుకు చేరింది. అలవాటుగా దాన్ని చొక్కా అంచుకు తుడవబోయి, షాపులో ఉన్నానని గుర్తొచ్చి, జేబులోంచి గుడ్డ తీశాడు.

మదనపల్లెలో ఆ షాపు గిరిబాబుది. ముందు భాగమంతా టీవీలు, స్పీకర్లు. వెనక అద్దాల గదిలో ఒకే ఆంప్లిఫయరుకు తగిలించిన, రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్లు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. కొనేవాళ్లు అక్కడ కూర్చుని ఒకే రికార్డును రెండింటి మీదా విని, ఏది కావాలో తేల్చుకుంటారు. అలా వినిపించడమే మునస్వామి ఉద్యోగం. జనానికి పాత రికార్డుల మీద మళ్లీ మోజు పుట్టబట్టి అతనికి ఈ వయసులో నాలుగు మెతుకులు పుట్టాయి.

అంతకుముందు బతుకంతా పుంగనూరులో మైకుసెట్టే. చౌడేపల్లె నుంచి పెద్దపంజాణి దాకా అతను ఎక్కి హారను కట్టని చెట్టు లేదు. పెళ్లివాళ్లంతా భోజనాలకు లేచినా అతను లేవకూడదు, రికార్డు ప్లేటు మార్చాలి. ఎన్ని పెళ్లిళ్లు మోగించాడో, ఒక్క పెళ్లి ఆల్బంలోనూ అతని బొమ్మ లేదు. జాతరలో రెండు మైకుసెట్లు పోటీ పడితే మోత ఎక్కువున్నవాడిదే గెలుపు. ఆ మోత పక్కనే కాపురమున్న చెవులు ఊరికే ఉంటాయా?

ఈ షాపులో పని దానికి తలకిందులు. ఇక్కడ రెండింటి మోతా సమానంగా ఉండాలి. ఒకటి కాస్త గట్టిగా మోగితే చాలు, ఎంతటి మనిషి చెవైనా మోసపోయి అదే బాగుందంటుంది. పెద్ద మిషను మామూలుగానే గట్టిగా పలుకుతుంది కనక దానికి వాల్యూమ్ తగ్గించాలి. మొదట్లో మునస్వామి చెవితోనే సరిచూసుకునేవాడు. చెవి మొరాయిస్తోందని తెలిశాక, ఇంకా కాస్త వినపడుతున్న రోజుల్లోనే, ఆంప్లిఫయరు వాల్యూమ్ నాబు చుట్టూ అగ్గిపుల్లతో రెండు చుక్కలు పెట్టుకున్నాడు. చిన్నదానికి కుంకుమ, పెద్దదానికి పసుపు. శుక్రవారం పూజకు టీవీలకూ ఫ్యాన్లకూ గల్లాపెట్టెకూ బొట్లు పెట్టేది అతనే. అన్ని బొట్లలో ఆ రెండింటినీ ఎవరు చూడొచ్చారు?

ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్లతో, పెదాలు చూసి, వినపడినంత విని నెట్టుకొచ్చేవాడు. ఇంట్లోనే కుదిరేది కాదు. భార్య మారెమ్మ వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ముసలోడికి పొగరెక్కిందని ఆమె వీధంతా చెప్పుకునేది. చెవుడని చెబితే ఆ మాట షాపు దాకా పాకుతుందని, పొగరుబోతు అనిపించుకోవడానికే సిద్ధపడ్డాడు. నిరుడు జ్వరంలో, పోయేముందు, ఆమె అతని చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. వినపడలేదు. మళ్లీ చెప్పింది. వినపడినట్టు తల ఊపాడు. ఆమె తృప్తిగా కళ్లు మూసుకుంది. తాను దేనికి ఒప్పుకున్నాడో మునస్వామికి ఈనాటికీ తెలియదు.

ఈ శుక్రవారం టమోటా లారీలు రోడ్డుకు అడ్డంపడి పుంగనూరు బస్సు ఆలస్యమైంది. అతను వచ్చేసరికి పూజ అయిపోయింది. కొత్తగా పనిలో చేరిన సంగీత హారతి పళ్లెం కడుగుతోంది. అద్దాల గదిలో అప్పటికే ఒకామె ఒడిలో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుని ఉంది. పేరు నాగరత్నమ్మ, కుప్పం నుంచి తెల్లారే బయల్దేరిందట.

"మా ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుంటా ఈ నాదస్వరం ఇనేవాడప్పా," అంది, సంచిలోంచి రికార్డు తీసిస్తూ. "ఆయన పొయినాక మిషను గూడా పాడైపోయింది. మా ఇంట్లో ఎట్ల వినపడేదో అట్ల వినపడల్ల. అంతే."

మునస్వామి నాబును కుంకుమ బొట్టు దగ్గర పెట్టి చిన్నదాని మీద ముల్లు దించాడు. ఆమె తల వంచుకుని విన్నది. తర్వాత రికార్డు పెద్దదాని మీదికి మార్చి, నాబును పసుపు బొట్టు దగ్గరికి తిప్పాడు. ఆమె ఉలిక్కిపడినట్టు తలెత్తింది.

"ఇదే తీసుకుంటానప్పా. గట్టిగా, బాగా పలకతాండాది."

గిరిబాబు మొహం వెలిగింది. కొత్త పెట్టె దించమని కేకేశాడు. మునస్వామికి మాత్రం ఆ 'గట్టిగా' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. వంగి నాబు చూశాడు. పసుపు బొట్టు వేలిముద్రంత గుండ్రంగా, తడి ఆరకుండా ఉంది. అగ్గిపుల్ల చుక్క అట్లా ఉండదు.

"ఈ బొట్లు ఎవురు పెట్నారమ్మా?"

"నేనే తాతా," అంది, పెట్టె దించడానికి వచ్చిన సంగీత. "పాతవి ఎండిపొయి అసయ్యంగా ఉండాయని తడిగుడ్డతో తుడిసేసి పెట్టినా. యాల, బాగలేదా?"

"బాగుండాయిలే తల్లీ."

నోరు మూసుకుంటే సరిపోయేది. పెట్టె బస్సెక్కి కుప్పం పోయేది, అడిగేవాడు లేడు. కానీ రేపు పొద్దున్నే ఆ మనిషి ఒక్కతే కూర్చుని వింటుంది. అది తన ఇంటి పాట కాదని ఆమెకు తెలుస్తుంది, ఎందుకు కాదో మాత్రం తెలియదు. తెలియకుండా మిగిలిపోయిన మాట ఎంత బరువో మునస్వామికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"అమ్మా, ఇంకొకసారి ఇనల్ల. నేను తప్పుగా పెట్నాను. ఈ నాబు నువ్వే తిప్పు. రెండూ ఒకే మోతకి వచ్చేదాకా తిప్పు."

ఆమె ఆశ్చర్యపోయినా తిప్పింది. అటూ ఇటూ మార్చి మార్చి విన్నది. చివరికి చిన్నదాని దగ్గర ఆగిపోయింది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"ఇదేనప్పా. ఊదే ఆయన నడుమ ఊపిరి తీసుకుంటాడే, అది గూడా వినపడతాండాది. మా ఇంట్లో అచ్చం ఇట్లే."

"ఊపిరి వినపడతాండాదా అమ్మా?"

"అంత బాగా వినపడతా ఉంటే! నీకు వినపడలేదా?"

"లేదమ్మా."

గది వాకిట్లో గిరిబాబు నిలబడి ఉన్నాడు.

నాగరత్నమ్మ చిన్న పెట్టెతో ఆటో ఎక్కి వెళ్లాక గిరిబాబు అతన్ని పక్కకు పిలిచాడు. చెడ్డవాడేం కాదు. గట్టిగానే మాట్లాడాడు, వినపడాలని.

"ఎప్పట్నుంచి మునస్వామీ?"

"మారెమ్మ ఉన్నెప్పట్నుంచేనప్పా."

"వినిపించేవాడికే వినపడకపోతే ఎట్లప్పా? సంగీతకి పని సూపిచ్చేసి, ఇంటికి పోయి రెస్టు తీసుకో."

మునస్వామి చూపించాడు. రికార్డు పట్టుకోవడం, బ్రష్షు ఆనించడం, ముల్లు దించడం. చివరికి బొట్లు రెండూ తుడిచి, అగ్గిపుల్ల కొనను పసుపులో ముంచి సంగీతకు అందించాడు. నీ చెవితో చూసుకుని గుర్తు పెట్టుకో అన్నాడు.

"నాకు వినపడతాది గదా తాతా, బొట్లు యాల?" అంది ఆ పిల్ల. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

అవును, ఎందుకు? అతనికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అగ్గిపుల్లను అక్కడే పెట్టేసి, అన్నం క్యారియరు తీసుకుని బయటికొచ్చాడు. పుంగనూరు బస్సులో కండక్టరు యాడికని రెండుసార్లు అడిగాడు. మునస్వామి ఈసారి తల ఊపలేదు. "నాకు చెవుడప్పా, మళ్లీ చెప్పు," అన్నాడు. బతుకులో మొదటిసారి ఆ మాట పైకి అన్నాడు, అనాల్సిన మనిషి లేని ఊరికి పోతూ.

షాపులో టర్న్‌టేబుళ్ల నడుమ, బొట్టు లేని నాబు పక్కన, కొన పసుపైన అగ్గిపుల్ల ఉండిపోయింది.