గోడ పక్కన తేనెపెట్టె

మా ఆయన బస్సు డ్రైవరుగా పనిచేసినన్నాళ్లూ ఎర్రదీపం దగ్గర గీత దాటి ఎరుగరు. అలాంటి మనిషి తేనెటీగల విషయంలో మాత్రం చట్టానికి అడ్డదారి వెతికారు. అందుకు కారణం ఈగలు కాదు, ఆయన అన్నయ్య.

పెరట్లో మాకో తేనెపెట్టె ఉంది. ఈగల్ని పెంచేవాళ్లు ఇకమీదట నమోదు చేయించుకోవాలని కొత్తగా రూలు పెట్టారు. పెట్టె దగ్గర నీళ్లుండాలి. దాని ద్వారం వీధివైపు ఉండకూడదు. సరిహద్దు గోడకు పదడుగుల ఎడం ఉండాలి, లేదంటే తమకు అభ్యంతరం లేదని గోడ అవతలివాళ్లు తనిఖీకి వచ్చినవాళ్లతో చెప్పాలి. రెండూ కుదరకపోతే పెట్టె పట్టుకుపోతారు. మా పెట్టె గోడకు ఆనుకునే ఉంది. గోడ అవతల ఉండేది మా బావగారు.

ఇల్లు పంచుకున్నప్పుడు ఆ గోడ జానెడు అటా ఇటా అనే దగ్గర మొదలైంది అన్నదమ్ముల పేచీ. అప్పట్నుంచీ మాటల్లేవు. వడ్రంగిపని చేసే బావగారే ఆ పెట్టె తయారుచేశారు, ఈగల్ని పెంచడం తమ్ముడికి నేర్పిందీ ఆయనే. వెళ్లి ఒక్క మాట అడగమని చెవినిల్లు కట్టుకుని పోరాను. మా ఆయన ససేమిరా అన్నారు. పెట్టె పోతే ఈయన మనిషి మనిషిగా ఉండరని నాకు తెలుసు. ఉద్యోగం అయిపోయాక, పొద్దున్నే దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే గానీ ఆయనకు రోజు మొదలవదు.

తనిఖీ ముందురోజు, పొద్దుగూకి ఈగలన్నీ లోపలికి చేరాక, టేపుతో కొలిచి పెట్టెను పెరటి మధ్యకు మార్చాం. తనిఖీ అయిపోగానే మళ్లీ గోడ పక్కకు జరిపేద్దామని ఆయన లెక్క. రెండోవైపు పట్టుకున్నది నేనే. నా నడుం పట్టేసింది. ఆయన మాత్రం ఏదో గెలిచినట్టు హాయిగా నిద్రపోయారు.

తెల్లారాక ఈగలు పూల మీదికి పోయాయి, తిరిగి వచ్చి పాత చోటికే చేరాయి. అవి గుర్తుపెట్టుకునేది చోటును, పెట్టెను కాదు. అక్కడ పెట్టె కనబడక ఉత్త గోడ మీదే గుత్తులుగా వాలాయి. ఈ సంగతి మా ఆయనకు తెలియంది కాదు, పంతంలో మరిచిపోయారు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి తనిఖీ ఆవిడ వచ్చింది. నీళ్ల తొట్టి చూసింది, ఎడం కొలిచింది, గోడ వైపు చూసింది.

"పెట్టె సరైన చోటే ఉంది సార్. ఈగలే అక్కడున్నాయి," అంది.

రాత్రిదాకా అలాగే వదిలేస్తే అవి చలికి చచ్చిపోతాయనీ, పెట్టెను పాత చోట పెట్టాలంటే మాత్రం అవతలివాళ్లు ఒప్పుకోవాలనీ చెప్పింది. గోడ మీదుగా బావగారి తల కనిపించింది. ఏ బల్ల మీదో ఎక్కి నిలబడి ఈగల్నే చూస్తున్నారు. మా ఆయన తల ఇటు తిప్పేసుకున్నారు. నాకు ఏడుపూ వచ్చింది, ఇంకా ఏం పంతమని ఒళ్లూ మండింది.

"అన్నయ్యా," అన్నారు మా ఆయన చివరికి. ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. "పెట్టె మళ్లీ గోడ పక్కనే పెట్టుకోనా?"

బావగారు తనకేం అభ్యంతరం లేదని తనిఖీ ఆవిడతో చెప్పి కిందికి దిగిపోయారు. అంతేనా అనుకున్నాను. కాసేపటికి మా వీధి తలుపు చప్పుడైంది. ఇల్లు పంచుకున్నాక ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. నేరుగా పెరట్లోకి వచ్చి, పెట్టెకు నేను పట్టుకోబోతున్న రెండోవైపు నిలబడ్డారు.

"నువ్వు తప్పుకో అమ్మా," అన్నారు నాతో. తర్వాత తమ్ముడి వైపు తిరిగారు. "రూలు సంగతి విన్నప్పట్నుంచీ చూస్తున్నాను, అడుగుతావేమోనని. నిదానంగా ఎత్తరా, లోపల పిల్లలుంటాయి."

ఇద్దరూ కలిసి పెట్టెను గోడ పక్కన దించారు. ఈగలు ఒక్కొక్కటే లోపలికి పోసాగాయి. మా ఆయన వాటి మీంచి చూపు తిప్పకుండానే, ఇంకో కుర్చీ తెమ్మన్నారు నన్ను.