ఇంటిపేరు కలిపిన మేనమామ

జైలు నుంచి తమ్ముణ్ణి తెచ్చుకున్న రోజున కుమారమ్మ, జైలు ఆఫీసరు అడిగిన మాటలన్నీ ఇచ్చేసింది. తన ఫ్లాట్‌లోనే ఉంచుకుంటుంది. ఏ చిన్నపిల్లతోనూ ఒంటరిగా ఉండనివ్వదు. ఏ కొంచెం తేడా వచ్చినా తానే ఫోన్ చేసి చెబుతుంది. తేడా వస్తే జయరాం మళ్ళీ లోపలికే. అతని శిక్షకు చివరి తేదీ లేదు. చిన్నపిల్లల జోలికి వెళ్ళి రెండుసార్లు దొరికినవాడు. ఇక ప్రమాదం లేదని పైవాళ్ళు నమ్మితేనే బయటికి వదులుతారు, నమ్మకపోతే అక్కడే ముసలివాడైపోతాడు. ఎన్నో ఏళ్ళకి ఈసారి నమ్మారు, అదీ ఎక్కడున్నాడో చెప్పే ట్యాగు కాలికి కట్టి.

అంతవరకూ బాగానే ఉంది. సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో తన అంతస్తువాళ్ళకి ఏం చెప్పాలన్నదే ఆవిడ ఆలోచించుకోలేదు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నారు పెద్దలు. కుమారమ్మకి మానమే ముద్దనిపించింది. "మా తమ్ముడు, ఇన్నాళ్ళూ మలేసియా పేరాక్‌లో ఎస్టేటు పని చేశాడు" అని నోటికొచ్చింది అనేసింది.

అన్నది ఎవరితో? నాలుగు గుమ్మాల అవతల ఉండే మాలినితో. ఆ పిల్ల పుట్టింది పేరాక్‌లోనే. మలేసియా తెలుగువాళ్ళకి సాటి తెలుగువాడు కనబడితే చుట్టరికం తవ్వి తీసేదాకా అన్నం సయించదు.

"మీ పుట్టింటి ఇంటిపేరేంటి ఆంటీ?"

"పొట్నూరు వాళ్ళమమ్మా."

"అయ్యో! మా అమ్మ పుట్టిల్లు కూడా పొట్నూరే! అయితే మీరు నాకు పెద్దమ్మ. అంకుల్ మామయ్య అయిపోయాడు! సింగపూర్‌లో నాకెవ్వరూ లేరనుకున్నా."

వేలువిడిచిన మేనమామ అంటే ఎక్కడో ఒక వేలైనా ఉండాలి. ఇక్కడ అదీ లేదు, ఇంటిపేరొక్కటే. కుమారమ్మ కాదనలేక నవ్వేసింది. లోపలి గదిలో విన్న జయరాం తల పట్టుకున్నాడు.

"ఎందుకక్కా ఒప్పుకున్నావు? ఉన్నదున్నట్టు చెప్పీ."

"చెప్తాన్లేరా. టైమ్ చూసి చెప్తాను."

ఆ టైమ్ రాలేదు. రానిచ్చింది ఎవరు గనక? మాలిని తన నాలుగేళ్ళ కూతురు మహతిని వెంటేసుకుని వచ్చినప్పుడల్లా జయరాం గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. "మామయ్యకి చాలా సిగ్గు" అని మాలిని నవ్వేది. కుమారమ్మ మింగలేక కక్కలేక టీ పెట్టేది.

ఒక పొద్దున ఆవిడ మార్కెట్లో బెండకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది.

"అక్కా, బేగి రా." అవతల జయరాం. "మాలిని వచ్చింది. కొడుకు స్కూల్లో పడిపోయాడంట. తలుపు తీసేసరికి పిల్లని లోపలికి తోసి, చూడు మామయ్యా అని లిఫ్టుకి పరిగెత్తింది. నేను టాయిలెట్లో గడియ పెట్టుకున్నాను. రా అక్కా."

కుమారమ్మ సంచీ అక్కడే వదిలేసి పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు. దారంతా తనని తాను తిట్టుకుంది, తమ్ముణ్ణి తిట్టింది, మేనమామల్ని కనిపెట్టిన జాతినంతా తిట్టింది.

ఇంట్లో మహతి నేలమీద కూర్చుని బిస్కెట్ తింటోంది. కుమారమ్మ తమ్ముణ్ణి పిలవలేదు. ముందు పిల్ల ముందు కూలబడి మొహం చూసింది, గౌను చూసింది, జడలు చూసింది.

"తాత నీ దగ్గరికి వచ్చాడా తల్లీ? ఏమైనా అన్నాడా?"

"నో లా. తాత ఇన్‌సైడ్ టాయిలెట్. డోంట్ వాంట్ కమ్ అవుట్" అంది మహతి సింగపూర్ ఇంగ్లీషులో.

కుమారమ్మకి ఊపిరి వచ్చింది. అప్పుడు తలుపు వెనక నుంచి జయరాం మాట వినబడింది.

"అడిగీసావా అక్కా?"

ఆవిడ పిల్ల గౌను సర్ది లేచి నిలబడింది.

"ఆఫీసరుకి ఫోన్ చెయ్యి."

"ఎందుకురా? నువ్వేటీ చెయ్యలేదు గదా! మళ్ళీ తీసుకుపోతే ఎప్పటికి వదుల్తారో!"

"చెయ్యలేదు. నాకు తెలుసు. నీకెలాగ తెలుస్తది? చెయ్యక్కా."

కుమారమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. చేస్తే తమ్ముడు పోతాడు. చెయ్యకపోతే రేపు ఇంకో పిల్లని ఇంకో తల్లి ఇలాగే తోసి పోతుంది, ఆ అబద్ధం చెప్పిన నోరు తనదే. ఆవిడ నంబరు నొక్కింది. జరిగిందంతా చెప్పింది. వస్తున్నాం, అక్కడే ఉండండి అన్నారు.

అంతలో మాలిని వచ్చింది. కొడుకుకి దెబ్బేమీ తగల్లేదని నవ్వుతోంది. "థ్యాంక్స్ పెద్దమ్మా! మామయ్య ఏడీ?"

కుమారమ్మ చెప్పింది. పేరాక్ అబద్ధమనీ, జైలనీ, ఎందుకనీ చెప్పింది. మాలిని పిల్లని ఎత్తి గుండెకి అదుముకుని వెనక్కి నడుస్తూ గుమ్మం దాటింది.

"మీ ఇద్దరికీ ఎన్నిసార్లో వండి తెచ్చిచ్చాను, ఆంటీ" అంది కారిడార్లోంచి. పెద్దమ్మ అనలేదు.

కుమారమ్మ టాయిలెట్ తలుపు దగ్గరికి వెళ్ళింది. "ఎవరూ లేరురా. బయటికి రా, ఇంత అన్నం తిందువు గాని."

"వద్దులే. వాళ్ళొచ్చీదాకా ఇక్కడే ఉంటాను."

ఆవిడ మరి బతిమాలలేదు. వాడు గడియ తియ్యనన్నందుకు తన ప్రాణం కుదుటపడిందని ఆవిడకి తెలిసింది. అది తెలిసి, ఆ తలుపుకే తల ఆనించి ఏడ్చింది.