తామర రేకు మీద బొటనవేలు

నేను ఒక కాగితపు గొడుగుని. గొడుగన్నాక వానలో తడవాలి, ఎండలో మాడాలి, ఏ బస్సులోనో ఎవరో మరిచిపోవాలి. నా జాతకంలో అవేవీ రాసిలేవు. కృష్ణా జిల్లా పెడనలో ఒక కలంకారీ అద్దకం షెడ్డులో దూలానికి వేలాడుతూ కాలం గడుపుతున్నాను. చూసినవాళ్ళు ముచ్చటపడతారు. నాకు మాత్రం సిగ్గుగా ఉంటుంది. ఎందుకో చెప్పుకుంటే కాస్త బరువు దిగుతుందేమోనని ఈ కథ మొదలుపెట్టాను.

నేను పుట్టింది ఉత్తర థాయిలాండులో, చియాంగ్‌మై పట్నానికి కాస్త ఎడంగా, ఇంటింటా గొడుగులు కట్టే ఒక పల్లెలో. నన్ను ఒక్కరే చేశారని కోతలు కొయ్యను. నా పిడి ఒక వీధివాళ్ళు చెక్కితే, వెదురు పుల్లలు మరొక వీధివాళ్ళు చీల్చారు. మల్బరీ బెరడు ఉడికించి, దంచి తీసిన కాగితం నా చర్మం. దాన్ని పుల్లల మీద పొరలు పొరలుగా అతికి, నూనె పట్టించి ఎండలో పెట్టారు. ఆ పెరట్లో వందలాది గొడుగులు విచ్చుకుని ఉంటే పెళ్ళికి విస్తళ్ళు పరిచినట్టుండేది.

బొమ్మలు వేసేది ఖమ్ తాత. డెబ్భై ఎనిమిదేళ్ళవాడు. ఆయన కూతురు బువా ఇల్లూ, దుకాణమూ చూసుకునేది. రోజుకి ఒకసారైనా తండ్రితో ఇదే గొడవ.

“నాన్నా, ఇక చాలించు. నీ కళ్ళు ఆనడం లేదు. ఎప్పుడో ఒక గొడుగు పాడుచేస్తావు.”

“కళ్ళకి ఆనకపోతే ఏం, నా చేతికి తెలుసు. అది తప్పిన రోజున నేనే కుంచె కింద పెడతాను,” అనేవాడు ఆయన.

ఆ ఊళ్ళో మగపిల్లవాడు బౌద్ధ సన్యాసం పుచ్చుకునే రోజున గొడుగు పట్టి ఊరేగింపుగా విహారానికి తీసుకెళతారు. బువా కొడుక్కి దీక్ష దగ్గరపడింది. మనవడి నెత్తిన పట్టడానికి తాత నన్ను ఎంచుకున్నాడు. వచ్చేపోయేవాళ్ళ కోసం పూటకి పది గొడుగుల మీద పూలు గిలికే మనిషి, నా మీద ఒక్క తామరపువ్వుకి నాలుగు రోజులు తీసుకున్నాడు. రేకు వెనక రేకు వేసి, చివరి రేకు దీక్ష ముందు రోజు పొద్దున పూర్తి చేశాడు. నన్ను వసారాలో ఆరబెట్టి భోజనానికి లేచాడు. ఆ కాసేపూ నాకు గర్వం నెత్తికెక్కిన మాట నిజం.

అప్పుడే గొడుగుల పని చూడ్డానికి పెడన నుంచి వచ్చిన బృందం దిగింది. అద్దకం పనివాళ్ళు పదిమంది, వాళ్ళని వెంటబెట్టుకుని, బ్యాంకాకులో పదేళ్ళుగా ఉంటూ థాయి భాష పట్టుబడిన విజయవాడ మనిషి సుధాకర్. దిగీ దిగగానే తొమ్మిదిమంది ఫోటోల మీద పడ్డారు. మనుషులు గొడుగు కొనేది వాన కోసమని నేను ఏనాడూ అనుకోలేదు లెండి.

పదో మనిషి భ్రమరాంబ. యాభై దాటిన మనిషి, పెడనలో సొంత షెడ్డు, పన్నెండుమంది పనివాళ్ళు. ఆవిడ ఫోటోల జోలికి పోకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చింది. వంగి ఒక్కో రేకూ చూసింది. రంగు ఎక్కడ పలచబడిందో, కుంచె ఎక్కడ ఆగి ఊపిరి పీల్చిందో పనెరిగిన కళ్ళకి తెలిసిపోతుంది. “అబ్బ, ఏం చెయ్యి,” అంది పైకే. నన్ను అంత శ్రద్ధగా చూసిన పరాయి మనిషి ఇంకొకరు లేరు.

ఆ వెంటనే ఆవిడ బొటనవేలు చివరి రేకు మీద ఆనింది.

కావాలని చేసింది కాదు. ఒక రంగు ఆరిందో లేదో వేలు అద్ది చూసి, ఆ తర్వాతే రెండో అచ్చు వెయ్యడం ముప్ఫై ఏళ్ళుగా ఆవిడకున్న అలవాటు. నూలుగుడ్డ రంగుని లోపలికి తాగేస్తుంది. నూనె పట్టిన కాగితం మీద రంగు పైనే నిలబడుతుంది, పైన ఆరినట్టు కనిపిస్తూ అడుగున పచ్చిగా ఉంటుంది. ఆవిడ వేలు తీసేసరికి రేకులో సగం వేలితోపాటే లేచిపోయింది. తుడిస్తే కాగితం పొర ఊడుతుంది, దిద్దితే అతుకు తెలుస్తుంది. రంగులతో బతికే మనిషి, ఆ సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడలేదు. వేలు చీర కుచ్చిళ్ళలో తుడుచుకుని, మచ్చ గోడవైపు పోయేలా నన్ను తిప్పేసింది. నేనూ చక్కగా తిరిగాను. పిడి తేలిగ్గా తిరగాలని నన్ను చేసినవాళ్ళు పడ్డ శ్రమంతా ఆ పాడుపనికి ఉపయోగపడింది.

తాత తిరిగొచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఆ రేకు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. మచ్చ మీద తన బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు వెదురు చీల్చి చీల్చి వెడల్పైన వేలది, ఆ ముద్రలో పట్టలేదు. తలెత్తి వచ్చినవాళ్ళ చేతులకేసి చూశాడు. భ్రమరాంబ వేళ్ళకి గోళ్ళ సందుల్లో ఎప్పుడూ పోని అద్దకపు ఎరుపు ఉంటుంది. బొటనవేలి అంచున మాత్రం కొత్తగా తామరరంగు మెరుస్తోంది. ఆ చూపు అక్కడ ఒక్క క్షణం నిలిచింది. ఆవిడ చెయ్యి కొంగు చాటుకి లాక్కుంది.

బువా వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. “ఎవరు చేశారు నాన్నా ఇది?”

“నేనే. చెయ్యి తగిలింది,” అన్నాడు తాత.

సుధాకర్ ఆ మాటలన్నీ మనవాళ్ళకి తెలుగులో చెప్పాడు. “పాపం, తాతగారి చెయ్యి తగిలి చెడిపోయిందటండీ. రేపు మనవడి దీక్షకని చేసుకున్న గొడుగట.”

“అయ్యో, పెద్దాయన కదా, చెయ్యి వణికుంటది,” అంది శేషారత్నం. ఈవిడ భ్రమరాంబకి ఆడపడుచు, ప్రయాణంలో పక్క సీటు.

భ్రమరాంబ నోరు తెరిచింది. తన షెడ్డులో గుడ్డ చెడితే ఆవిడ ఎవర్నీ తిట్టదు. దాచిపెడితే మాత్రం ఊరుకోదు. “చేస్తే చేశావు, చెప్పటానికేం రోగం?” అని ఆవిడ అరిస్తే వీధి చివరికి వినిపిస్తుంది. ఆ అరుపే ఇప్పుడు చెవుల్లో మోగుతుంటే, పదిమంది ముందు తలదించుకోవాల్సొస్తుందనే జంకు నోరు మూసేసింది.

తాత నన్ను ముడిచి, రెండు చేతులతో పట్టుకొచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. “ఈవిడా రంగులతో బతికే మనిషే. పనికి రాని గొడుగని పారెయ్యడం దేనికి, ఈవిడ దగ్గరుండనీ,” అన్నాడు. సుధాకర్ అది చెప్పి, “తీసుకోండి పిన్నిగారూ, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు,” అన్నాడు. ఆవిడ తీసుకుంది. తాతకి తెలుసని ఆవిడకి తెలుసు. చెప్పడానికి ఆయన ఇచ్చిన రెండో అవకాశమది, అదీ చేజారనిచ్చింది. మర్నాడు ఆ పిల్లవాడు ఏ గొడుగు కింద నడిచాడో నాకు తెలియదు. బస్సు సామాను అరలో నేను పడుకుని ఉన్నాను.

“ఎంత అదృష్టం వదినా, అడక్కండానే చేతిలో పెట్టాడు,” అంది శేషారత్నం దారిలో. భ్రమరాంబ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పెడన చేరాక నన్ను షెడ్డులో వేలాడదీసింది. అటకమీద దాచేసినా బాగుండేది. రోజూ కళ్ళెదుట ఉంటే అదే శిక్ష అనుకుందేమో. శిక్ష తనకి తాను వేసుకోవడంలో మనుషులకి ఒక సుఖం ఉంది, అందులో ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్ళు మచ్చ చూసి “ఇదేంటండీ?” అనేవారు. శేషారత్నం అందుకునేది. “చేసినాయన బాగా పెద్దాయన్లే, చెయ్యి వణికి అట్టా అయింది.” భ్రమరాంబ “ఊఁ” అనేది. అట్లా ఎనిమిది నెలలపాటు ఊఁ కొట్టింది. ఆవిడ ఊఁ కొట్టినప్పుడల్లా నా పుల్లలు ముడుచుకుపోయేవి.

ఒక మధ్యాహ్నం హైదరాబాదు నుంచి గుడ్డలు చూడ్డానికి ఎవరో వచ్చారు. శేషారత్నం మామూలుగానే ఎత్తుకుంది. “ఆయనకిక పని చాతకాదు పాపం, చెయ్యి...”

“ఆయన చెయ్యి కాదు వదినా,” అంది భ్రమరాంబ. “నాది. ఆరిందో లేదోనని నేను వేలెట్టా. ఆయన నా మీదకి రాకండా తన మీదేసుకున్నాడు.”

అచ్చులు వేస్తున్న చేతులన్నీ ఆగాయి. పన్నెండుమంది ఎదుట నించుని ఆవిడ ఏడ్చింది. శేషారత్నం మంచినీళ్ళు తెచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే నేనూ తేలిగ్గా ఊపిరి పీల్చుకునేదాన్ని. కానీ చెప్పాల్సిన చోటు ఇది కాదని ఆవిడకి తెలుసు. ఆ పూటే సుధాకర్‌కి ఫోను చేసి, బువాని లైన్లోకి పిలిపించమంది. జరిగినదంతా దాచకుండా చెప్పింది. అతను థాయిలో చెప్పాడు. అవతల బువా ఏదో చెప్పుకొచ్చింది.

తర్వాత సుధాకర్ గొంతు మెల్లిగా వినిపించింది. “పిన్నిగారూ, ఆ రోజు చెయ్యి తప్పిందని ఆయనే ఒప్పుకున్నారు కదా. దాంతో ఇంట్లోవాళ్ళు ఆయన కుంచెలు తీసి దాచేశారట. ఆయనా అడ్డు చెప్పలేదట. ఈ ఎనిమిది నెలలూ వెదురు పుల్లలకి దారం గుచ్చుతూ కూర్చుంటున్నారట.”

“ఇప్పుడు ఇమ్మను నాయనా. ఆయన తప్పేం లేదని చెప్పు. కుంచెలు ఇప్పుడే ఇమ్మను.”

మళ్ళీ అవతల ఏవో మాటలు, పెట్టె మూత తెరిచిన చప్పుడు, ఒక ముసలి గొంతు. భ్రమరాంబ ఫోనుని రెండు చేతులతో చెవికి అదుముకుని నించుంది.

“ఇచ్చిందటండీ,” అన్నాడు సుధాకర్. “పట్టుకుని చూశారట. ఇన్నాళ్ళూ కుంచె పట్టక, ఇప్పుడు చెయ్యి నిజంగానే వణుకుతోందంటున్నారు.”