పదహారు గడపల్లో ఒకే మాట

కబురు వచ్చేసరికి ఇందుమతి కొత్త కిరసనాయిలు స్టవ్వు మీద పాలు పెట్టి, అవి పొంగే క్షణం కోసం చూస్తూ కూర్చుంది. కాపురం పెట్టి నలభై రోజులు కాలేదు. పాలు పొంగడం, వీధి మలుపులోనే భర్త సాంబశివరావు సైకిలు గంట వినిపించడం, జడలో పూలు మెడకు చల్లగా తగలడం, అన్నీ ఈ మధ్యే తన కోసం కనిపెట్టినట్టు అనిపించే రోజులవి.

స్కూలు అటెండరు హనుమయ్య గుమ్మంలో నిలబడి రొప్పుతూ కవరు చాచాడు.

"అమ్మగోరూ, గుంటూరు నుంచొచ్చింది. పెద్దమేడం ఇప్పుడే ఇచ్చి రమ్మంది. మన పిల్లల్ని ఆటకి తీసుకున్నారంట!"

నిజమే. జిల్లా బాలికల సాఫ్ట్‌బాల్ పోటీలకు నరసరావుపేట జట్టును పంపవచ్చునని అందులో ఉంది. ఆమె గట్టిగా నవ్వింది. అటు పాలు పొంగిపోయాయి. పొంగితే పొంగనీ, మంచిదేనని హనుమయ్య చేతిలో ఇంత పంచదార పోసింది. ఆ తర్వాత రెండో పేరా చదివింది.

పేర్ల జాబితా ఎల్లుండిలోగా పంపాలి. పన్నెండుకు మించరాదు.

ఆమె జట్టులో పదహారు మంది ఉన్నారు.

తప్పు జూలైలోనే జరిగింది. డ్రిల్లు టీచరుగా చేరిన కొత్తలో, మైదానంలో నిలబడడానికి తొమ్మిది మంది ఆడపిల్లలు కావాలని ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఎదిగిన పిల్లల్ని ఆటకు పంపమంటే సగం ఇళ్ళు కాదంటాయి కదా అని, పదహారు ఇళ్ళు పిలిచింది. ప్రతి గడపలోనూ ఒకే మాట చెప్పింది: "మీ పిల్ల లేకపోతే నాకు టీమే లేదు." తీరా ఒక్క ఇల్లూ కాదనలేదు. ఫలానావాళ్ళు పంపుతుంటే మనమెందుకు పంపకూడదని ఇంటికో పిల్ల వచ్చి నిలబడింది. ఉన్నవి ఆరు గ్లవ్‌లు. వంతులు వేసుకుని తొడుక్కునేవాళ్ళు. ఇంతమంది ఉత్సాహం చూసి మురిసిపోయిందే తప్ప, ఎప్పటికైనా లెక్క తేల్చాలని ఆమెకు తోచలేదు.

"పెళ్ళికి పిలిచినట్టు పిలిచావు ఇందూ," అన్నాడు సాంబశివరావు కాఫీ ఊదుకుంటూ. "పిలిచినవాళ్ళంతా వచ్చేశారు. ఇప్పుడు విస్తళ్ళు లేవంటావా?"

"మీకు నవ్వులాటగా ఉంది."

"మరి నలుగురిని ఆపాలిగా. ఎవరిని ఆపుతావు?"

 స్కూల్లో ఖాళీ పీరియడులో కాగితం తీసి రాస్తే పదకొండు పేర్లు చేయి ఆగకుండా పడ్డాయి. పన్నెండో పేరు దగ్గర ఆగింది. దూదిమిల్లులో పనిచేసే దేవమ్మ కూతురు ఆరోగ్యం, లారీ మెకానిక్ చాంద్ బాషా కూతురు గుల్షన్. ఇద్దరూ ఒకే చోటుకు పోటీ.

ఆట పేరులో మెత్తదనం ఉన్నా బంతి గట్టిదే. రెండో వారంలో అది తగిలి గుల్షన్ పెదవి చిట్లింది. అప్పటినుంచీ బంతి మీదికొస్తే ఆ పిల్ల మొహం పక్కకు తిప్పేస్తుంది. కానీ అందరికంటే ముందు మైదానానికి వచ్చేదీ అదే. దూది చెత్త కుక్కిన గోనెబస్తాలు మోసుకొచ్చి, అడుగులు కొలుచుకుంటూ పరుగు తీసేవాళ్ళు తొక్కాల్సిన నాలుగు మూలలా పరిచేదీ అదే. ఆ సాయంత్రం ఇందుమతి ఇద్దరికీ చెరి పది బంతులు వేసింది. ఆరోగ్యం ఎనిమిది పట్టింది. గుల్షన్ మూడు పట్టి, జారవిడిచిన ప్రతిసారీ "సారీ టీచర్" అంది.

పన్నెండో పేరు ఆరోగ్యానిది. అందులో అనుమానం లేదు. ఇందుమతిని కుదురుగా ఉండనివ్వనిది వేరే సంగతి. మిగతా ముగ్గురినీ ఎలాగోలా బుజ్జగించవచ్చు. చాంద్ బాషా అలా కాదు. అతను తొమ్మిదో తరగతితో కూతురి చదువు మాన్పిద్దామనుకుంటున్నప్పుడు, ఆటతో ముడిపెట్టి అతన్ని ఆపింది తానే. ఉత్తరం రాసి పంపేకంటే వెళ్ళి చెప్పడమే మేలనుకుంది.

వెళ్ళేసరికి ఆ ఇంటి వాకిట్లో దేవమ్మ కూడా కూర్చుని ఉంది. బస్తాల్లోకి మిల్లునుంచి దూది చెత్త తెచ్చి, గుల్షన్ తల్లి సైదాబీతో కబుర్లలో పడినట్టుంది. సైదాబీ గబగబా మడత కుర్చీ వేసింది.

"రాండి టీచరమ్మా. మీ మాటే అనుకుంటన్నాం."

"అవునమ్మా," అంది దేవమ్మ నవ్వాపుకోకుండా. "మా ఆరోగ్యం లేకపోతే టీమే లేదంటిరి. గుల్షన్ లేకపోయినా టీమే లేదన్నారంటగా. మొత్తం ఎన్ని టీములేందమ్మా మీకు?"

ఇంకో రోజైతే ఇందుమతి తనే ముందు నవ్వేది.

"పదహారిళ్ళలోనూ అదే చెప్పాను దేవమ్మా. గుంటూరుకు పన్నెండు మందినే పంపమన్నారు."

దేవమ్మ నవ్వు ఆగిపోయింది. గోడ పక్కన గేరుపెట్టె విప్పుతున్న చాంద్ బాషా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"మా పిల్ల ఆ పన్నెండులో ఉందా, లేదా?"

"ఇవాళ రాస్తే లేదు."

"మరి ఎవురుండారు?"

ఇందుమతి కళ్ళు దేవమ్మ వైపు పోయాయి. దేవమ్మ కొంగు సర్దుకుంటూ నేల చూసింది.

"సరే. ఇంకేం ఉంది," అన్నాడు చాంద్ బాషా. గొంతు పెంచలేదు. "టీచరమ్మా, మీరు ఇదే కుర్చీలో కూర్చుని ఏమన్నారు? ఆటలో పేరొస్తే టీచరు ట్రైనింగులో సీటొస్తది, అందుకే పదో క్లాసు చదివించమన్నారు. ఆటే లేకపోయాక చదువెందుకు? కూర్చోడానికైతే ఇంట్లోనే కూర్చుంటది. వాళ్ళమ్మకి చానా పనుంది."

"ఏందయ్యా ఆ మాట!" అంది సైదాబీ. "అది లెక్కల్లో ఫస్టు."

"నేనన్నానా ఆ మాట? ఆమెగారన్నది. ఆమెనే అడుగు."

అతను అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. చదివించమని అడిగితే కాదంటాడేమోనని ఆటను ఎరగా చూపింది. ఎర తీసేస్తే ఇప్పుడు చదువూ దానితోనే పోయేలా ఉంది.  కాగితం ఆమె సంచిలోనే ఉంది. ఆరోగ్యం పేరు కొట్టేసి గుల్షన్ పేరు రాయడానికి అర నిమిషం చాలు. ఎదురుగా కూర్చున్న దేవమ్మ చీరకు ఇంకా దూది నూగు అంటుకునే ఉంది.

"బాషాగారూ, ఆ రెండూ కలిపి చెప్పడం నా తప్పు. గుల్షన్ బంతి పట్టలేకపోయినా పదో తరగతి పాసవుతుంది. ఆ సంగతి అప్పుడే విడిగా చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తే నమ్మాలా?"



వంటింటి గుమ్మంలోంచి గుల్షన్ ముందుకొచ్చింది. పెదవి మీద చిన్న గీతలా మచ్చ. "నాన్నా, టీచర్ది తప్పు కాదు. బంతొస్తే నాకు భయం. నేనే మొకం తిప్పేస్తన్నా."

"భయమైతే రోజూ అయిదింటికే లేచి ఎందుకురుకుతావే?"

"ఆడదామని."

 చాంద్ బాషా కూతుర్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అదెట్టా ఆడుద్దో నేనొక్కసారీ చూళ్ళేదు," అన్నాడు చివరికి. ఎవరితో అన్నాడో తెలియలేదు.

ఇందుమతి లేచి నిలబడింది.

"అయితే రండి. రేపు సాయంత్రం నాలుగింటికి ఎనిమిది మంది ఒకవైపు, ఎనిమిది మంది ఒకవైపు ఆడిస్తాను. పదహారు మందీ ఆడతారు, ఎవరూ కూర్చోరు. పదహారిళ్ళకీ నేనే వెళ్ళి పిలుస్తాను. అందరూ చూశాక, అందరి ముందే పన్నెండు పేర్లు రాస్తాను. తిట్టేవాళ్ళు అక్కడే తిట్టండి."

"మళ్ళీ పదహారిళ్ళు తిరుగుతారా?" అంది దేవమ్మ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"తిరగాలిగా."

చాంద్ బాషా గేరుపెట్టె వైపు చూశాడు. "మూడున్నరకి షెడ్డు మూసి వస్తా. చదువు మాట ఆట చూసినాక చెప్తా. ఇప్పుడే చెప్పమనబాకండి."

అంతకు మించి అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. గేటు దాకా గుల్షన్ వెంట వచ్చింది, దూది చెత్త బస్తాను రెండు చేతులతో పొట్టకు హత్తుకుని.

"టీచర్, రేపు బస్తాలు ఎన్నింటికి పరవాలి?"

"మూడింటికి రా," అంది ఇందుమతి. "ఇద్దరం కలిసి పరుద్దాం. తర్వాత నీకు కాసేపు బంతులు వేస్తాను."