పైన మనిషి

మూడో తాడు ముడి దగ్గరికి రాగానే నర్సింగ్ చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. పక్కనున్న ఫోర్‌మన్ ముఖ్తార్ గొంతు సవరించుకున్నాడు. చెయ్యి వెనక్కొచ్చి బుద్ధిగా ప్యాంటు జేబులో దూరింది.

ఈ రోజు ముట్టుకోకూడదు. ముడి వేసేది బాషా, సరిచూసేది బాషా, మనుషుల్ని కిందికి వదిలేది బాషా. నర్సింగ్ చేయవలసిందల్లా ఊరికే నిలబడడం. ఇన్నేళ్లలో కంపెనీ అతనికి ఇంత కష్టమైన పని ఎప్పుడూ చెప్పలేదు.

దోహాలో సముద్రానికి ఎదురుగా ఉన్న నలభై చిల్లర అంతస్తుల భవనం కప్పు అది. ఎండలు తగ్గి చల్లబడ్డాక, మళ్లీ ముదిరేలోపు ఈ అద్దాల మేడలన్నిటికీ స్నానం చేయించాలి. ముగ్గురు నేపాలీలు నడుముకు తాళ్లు తగిలించుకుని పిట్టగోడ దాటి, అద్దాలకు పాదాలు ఆనించి, తుడుచుకుంటూ దిగుతారు. వాళ్ల ప్రాణాలు కప్పు మీది ఇనుప కొక్కేలకు వేసిన ముళ్లలో ఉంటాయి. ఆ ముళ్లకు కాపలా ఉండేవాడే పైన మనిషి. గాలి పెరిగితే వాళ్లను వెనక్కి పిలవాలి. గోడ అంచుకు తాడు ఒరుసుకోకుండా పాత తివాచీ ముక్కలు సర్దాలి. ఎవరికైనా కళ్లు తిరిగితే పైకి లాగాలి. తాడు మీద మనిషి ఉన్నంతసేపూ పైన మనిషి కప్పు దిగడానికి లేదు. ఒంటికొచ్చినా అంతే, రెంటికొచ్చినా అంతే.

నర్సింగ్‌కు యాభై దగ్గర పడ్డాయి. తాళ్లు లాగీ లాగీ కుడి భుజం కిందికి జారింది. అరచేతుల్లో పుట్టుకతో వచ్చిన గీతలు అరిగిపోయి, తాడు గీసిన గీతలు మిగిలాయి. కనుబొమల్లో ఎప్పుడూ ఇసుక ఉంటుంది. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి రెండేళ్లు చేసి పోదామని వచ్చినవాడు, ఎన్ని రెండేళ్లు అయ్యాయో ఇప్పుడు తలుచుకోడు.

పోలేక కాదు. నోటీసిచ్చి పోవచ్చని దోహా శివారు ముఐథర్‌లో, కూలీలుండే క్యాంపులో తోటివాళ్లు ఎప్పుడో చెప్పారు. తాళ్లు ఎవరి చేతిలో పెట్టి పోను అన్న ఒక్క ప్రశ్న దగ్గర అతను ప్రతిసారీ ఆగిపోయాడు. నేర్పించినవాళ్లందరూ పని రాగానే ఎక్కువ జీతమని తామూ అద్దాలు తుడవడానికి తాడెక్కారు, లేదా వేరే కంపెనీ చూసుకున్నారు. సీజన్ వచ్చినప్పుడల్లా ముఖ్తార్ గడ్డం పట్టుకున్నంత పని చేసేవాడు. నర్సింగ్ కరిగిపోయేవాడు.

ఈసారి అతని భార్య పుష్ప కరగలేదు. పొద్దున వ్యాన్‌లో ఉండగా ఫోన్ చేసింది. ఊళ్లో ఆమె గిర్ని నడుపుతుంది. పిండికొకటి, కారానికొకటి, రెండు మిషన్లు.

"ఈసారన్న వస్తున్నవా, లేదా? కారం పట్టీ పట్టీ నా గొంతు పోయింది. రెండు మిషన్లు ఒక్కదాన్ని ఎట్ల నడుపుత? నువ్వు రాకుంటే రెండూ అమ్మేసి మా అన్నోళ్లింటికి పోత. నీ దుబాయ్‌ల నువ్వే ఉండు."

ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే. నర్సింగ్ సరిదిద్దలేదు. మాటల మధ్య ఆమె దగ్గిన దగ్గు వ్యాన్ దిగినా చెవిలోనే ఉండిపోయింది.

అందుకే ముఖ్తార్ దగ్గర గట్టిగా పట్టుబట్టాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషైన ముఖ్తార్ ఒక షరతు పెట్టాడు.

"బాషా ఒక్క పూట సంభాళించాలె, నువ్వు చెయ్యి పెట్టొద్దు. పోరగాళ్లకు ఆయన మీద భరోసా వస్తే నిన్ను పంపిస్త. లేకపోతే ఇంకో సీజన్, నన్నేమనొద్దు."

బాషాది రాయచోటి వైపు. నలభై దాటినవాడు. అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా చేసి, ఆ పని పోయాక ఇక్కడికొచ్చాడు. ముడి బాగానే వేశాడు. కానీ తాడెక్కేవాళ్లలో పెద్దవాడు దావా గోడ మీద ఒక కాలు వేసి అక్కడే ఆగిపోయాడు.

దావా ఇక్కడికి రాకముందు మంచుకొండలెక్కే దొరలకు సామాన్లు మోసేవాడు. అక్కడ డేరాలో ఒక మనిషి పొయ్యి ఆర్పకుండా కూర్చుంటాడనీ, పైకి పోయినవాళ్లలో ఆఖరివాడు తిరిగొచ్చేదాకా పడుకోడనీ ఒకసారి చెప్పాడు. "మాకు ఇక్కడ అది నువ్వే, దాయీ" అన్నాడు. దాయీ అంటే వాళ్ల భాషలో అన్న. ఆ మాటకు నర్సింగ్ పొంగిపోయాడు. దిగేముందు పోతానని అనకూడదనీ, పోయొస్తననాలనీ వాళ్లకు నేర్పింది అతనే. అప్పట్నుంచీ ముగ్గురూ గోడ దాటేముందు నర్సింగ్ ముడిని తాకేదాకా ఆగి, తెలుగులో "పోయొస్త" అని దిగుతారు. "పోయి రా" అని అతను అనాలి. అది లేకుండా ఏ ఒక్కడూ ఏనాడూ దిగలేదు.

"దాయీ, ఏక్ బార్ హాథ్ లగాదో" అన్నాడు దావా, ఒక్కసారి చెయ్యి తగిలించమని, బాషా వైపు చూడనైనా చూడకుండా.

ముఖ్తార్ తల అడ్డంగా ఊపాడు. దావా గోడ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ అతని వెనక చేరారు. చివరికి నర్సింగే ఉండబట్టలేక వెళ్లి మూడు ముళ్లూ తాకాడు. వాళ్లు నవ్వుకుంటూ దిగిపోయారు.

"ఇది లెక్కలకు రాదు. మధ్యాహ్నం మళ్ల చూస్త. ఇంకోసారి చెయ్యి తగిలిందంటే ఊరి మాట మరిచిపో" అని ముఖ్తార్ కప్పుకు అవతలి కొసనున్న లిఫ్టు వైపు నడిచాడు.

మధ్యాహ్నం వాళ్లు పైకొచ్చి తింటున్నంతసేపూ నర్సింగ్ ఆలోచించాడు. తను కళ్లెదుట ఉన్నంతకాలం వాళ్లు బాషాను చూడరు. తను కప్పు మీద ఉండకూడదు. అంటే, మనుషులు తాళ్ల మీద ఉండగా కప్పు దిగాలి. ఇన్నేళ్లూ ఏ పని చేస్తే పాపమనుకున్నాడో, ఊరికి పోవాలంటే అదే చెయ్యాలి.

బాషా ముళ్లు వేయడం అయ్యాక, మిగతావాళ్లు నడుం పట్టీలు బిగించుకుంటుండగా దగ్గరికెళ్లి మెల్లగా అన్నాడు.

"నేను మెట్ల మీద కూసుంట."

"యాడికన్నా? నువ్వీడే ఉండు. నాకు గుండెలదురుతాండాయి."

"నేనుంటే వాళ్లు నీ దిక్కు సూడరు. గాలి మీటర్ మీద కన్నుంచు. జర అనుమానమొచ్చినా పైకి పిలువు. పని ఆగిందని ముఖ్తార్ తిడితే నన్ను తిట్టనీ."

ఇనుప తలుపు సందులోంచి విన్నాడు. దాయీ ఏడని దావా అడిగాడు. నేనుండా గదా అన్నాడు బాషా. పిట్టగోడ మీద బూటు ఆనిన చప్పుడైంది. తర్వాత దావా గొంతు వినిపించింది.

"పోయొస్త."

"పోయి రాప్పా" అన్నాడు బాషా.

నర్సింగ్‌కు గంతెయ్యాలనిపించింది. అదే క్షణంలో ఎక్కడో చురుక్కుమంది కూడా. తలుపు వదిలేశాడు. స్ప్రింగు దాన్ని లాక్కుని టక్కున మూసింది. అప్పుడు గుర్తొచ్చింది, తాళంచెవి బాషా మెడలో ఉందని. వాకీటాకీతో పాటు పొద్దున తనే వేశాడు. ఇన్నేళ్లూ ఆ తాళంచెవి తన ఛాతీ మీదే ఉండడంతో, ఆ తలుపు ఎవరినైనా ఆపగలదన్న సంగతే అతనికి తోచలేదు. ఫోనేమో కప్పు మీద సంచిలో ఉంది.

సర్లే, సాయంత్రం తీస్తాడులే అనుకుని మెట్టు మీద కూర్చున్నాడు. సిమెంటు గోడలు, ఒక గుడ్డి దీపం. కళ్లు మూసుకున్నాడు. పుష్ప, గిర్ని, పిండి వాసన. అన్నీ దగ్గరికొచ్చినట్టే ఉంది.

తలుపు కింద సందులోంచి ఈల మొదలైంది. ముందు సన్నగా, తర్వాత లావుగా. కాళ్ల మీదికి ఇసుక ఎగిరొచ్చింది. గాలి లేచింది. తాళ్లు గోడనుంచి విడిపడి అటూ ఇటూ ఊగే గాలి. మనిషిని అద్దానికేసి కొట్టే గాలి.

"బాషా! పిలువు వాళ్లను! పైకి పిలువు!"

పిడికిళ్లతో కొట్టాడు. తల మీది పసుప్పచ్చ హెల్మెట్ తీసి దాంతో కొట్టాడు. గాలి కూడా అవతల్నుంచి తలుపును కొడుతోంది. ఏది ఎవరి చప్పుడో తనకే తెలియలేదు. కిందికి పరుగెత్తాడు. ఏ అంతస్తు తలుపూ మెట్ల వైపు నుంచి తెరుచుకోలేదు. నేల దాకా దిగితే తప్ప దారి లేదు. ఇంకొంచెం దిగేసరికి పైన ఎవరో అరిచినట్టనిపించి, మళ్లీ పైకి ఉరికాడు. ఎవరూ అరవలేదు. అక్కడ వేలాడేవాళ్లకు తాడైనా ఉంది, తనకు అదీ లేదు.

ఇంటికి పోదామనే కదా వాళ్లను వదిలేశాను అనుకున్నాడు. తలుపుకు నుదురు ఆనించాడు. ముగ్గురూ పైకి రానీ, బతుకంతా ఇక్కడే పడుంటా, ఊరి మాట ఎత్తను అని మొక్కుకున్నాడు. ఏ దేవుడికి మొక్కాడో తనకే తెలియదు.

తాళం తిరిగింది. వెలుతురు కళ్లలో పొడిచింది.

"ఏమన్నా, నిద్రబోతివా? టీ సల్లారిపోతాంది" అన్నాడు బాషా.

నీళ్ల ట్యాంకు చాటున ముగ్గురూ కూర్చుని టీ తాగుతున్నారు. మీటర్ మీది చిన్న రెక్కలు జోరందుకోగానే, గాలి ముదరకముందే బాషా పిలిచేశాడు. అనుమానమొస్తే పిలవమన్నావు గదన్నా అన్నాడు. తలుపు కొట్టుకుంటుంటే గాలికనుకున్నాడట. దావా పక్కకు జరిగి చోటిచ్చాడు. ఏడికి పోయావని ఒకసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా బాషాతో మాటల్లో పడ్డాడు.

నర్సింగ్ వెళ్లి ఆ చోట్లో కూర్చున్నాడు. వాళ్లు బతికున్నందుకు కళ్లు తిరిగేంత సంతోషం. తను లేకుండా బతికినందుకు ఇంత బాధ. సిగ్గేసింది, అయినా బాధే.

కింది నుంచి అంతా చూసిన ముఖ్తార్ పైకొచ్చి బాషా భుజం తట్టాడు. "మస్తు చేసినవ్. నర్సింగ్ భాయ్, పెట్టె సర్దుకో. ఇంక నిన్ను ఆపేది లేదు."

"మంచిది సేటూ" అన్నాడు నర్సింగ్. మొక్కు సంగతి చెప్పలేదు. ఆ రోజే కాదు, తర్వాత ఎవరికీ చెప్పలేదు. పుష్పకు కూడా.

అతను ఊరికి బయల్దేరిన రోజు పని దినం. విమానాశ్రయానికి పోతూ డ్రైవర్ని బతిమాలి, ఆ భవనం ముందు బండి ఆపించాడు. మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాడు. అద్దాల మీద మూడు చుక్కలు మెల్లగా దిగుతున్నాయి. పిట్టగోడ మీద బాషా తల కనిపించలేదు. కనిపించకూడదు కూడా, అతని చూపు ముళ్ల మీద ఉండాలి. నర్సింగ్ చెయ్యి ఊపకుండానే బండెక్కాడు.

కప్పు తలుపుకు ఇవతల, మెట్ల వైపు, ఆఖరి మెట్టు మీద పసుప్పచ్చ హెల్మెట్ ఒకటి ఇంకా బోర్లా పడి ఉంది. దాని అంచు పొడుగునా తలుపు బూడిదరంగు అంటుకుని ఉంది.