కోమాలో నాన్నగారు

సీరియల్లో నాన్నగారు కోమాలో పడి నెల దాటింది. ఆ పాత్ర వేసే పెద్దాయన నాటకాల్లో తల పండినవాడు. మైకు లేకుండానే ఆఖరి వరుసదాకా గొంతు వినిపించినవాడు. మంచమ్మీద కట్టెలా పడి ఉండడం ఆయనకు వంటబట్టలేదు. కోడలి వేషం వేసే అమ్మాయి పక్కన కూర్చుని ఏడుస్తుంటే, ఒకరోజు కనురెప్ప అదిరించాడు. మర్నాడు వేలు కదిపాడు. నాటకమైతే హాలంతా చప్పట్లు మోగేవి. ఇక్కడ ఆ అమ్మాయి కళ్లలో కన్నీళ్లకు పెట్టిన గ్లిజరిన్ ఆరిపోయి, షాటు మళ్లీ మొదటికొచ్చింది.

“కళ్లు మండేలా ఏడ్చేది నేనూ, జనం చూసేది ఆయన వేలినా?” అంటూ ఆ అమ్మాయి డైరెక్టరు దగ్గర మూతి ముడుచుకుంది. ఆమెను కాదనే గుండె అక్కడెవరికీ లేదు. సాయంత్రానికల్లా కథలో నాన్నగారు మంచమ్మీంచి దొర్లిపడ్డాడు. తలకూ మొహానికీ కట్టు పడింది. కట్టు కింద ఎవరుంటేనేం అని కంపెనీ కారు డ్రైవర్ని పడుకోబెట్టారు. మెలకువ సీను వచ్చినప్పుడు కబురు చేస్తామని పెద్దాయనకు చెప్పారు.

కబురు కోసం ఇంట్లో కూర్చుంటే వేషం గల్లంతేనని ఆయనకు తెలుసు. ఆ సంగతి భార్యకు చెప్పలేదు. రోజూ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి మేకప్ గదిలో కూర్చునేవాడు. నడుము పట్టేసిందని డ్రైవరు మూలుగుతుంటే ఒకరోజు ఆయనకు ఆలోచన తట్టింది. డ్రైవరు పేరుతో తానే పడుకుని, షాటయ్యాక కట్టు విప్పి చూపిస్తే, తను కదలకుండా ఉండలేడని ఎవరంటారు?

“కదిలారంటే నా ఉద్యోగం ఊడుతుంది బాబాయ్,” అన్నాడు డ్రైవరు.

“చచ్చినా కదలను.”

అన్నట్టే కదల్లేదు. కోడలు ఒక్క టేకులో ఏడ్చేసింది. లైట్లు సర్దుతుండగా, అలాగే పడి ఉన్న ఆయన భుజం తట్టింది.

“నువ్వే నయం డ్రైవరూ. ఆ ముసలాయనైతే ఈపాటికి లేచి పద్యం ఎత్తుకునేవాడు.”

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది డైరెక్టరే. పెద్దాయన చేయి కట్టు దాకా వెళ్లబోయి దుప్పటి కిందే ఆగిపోయింది.

“ఇక మెలకువ సీను లేదు,” అన్నాడు డైరెక్టరు మేనేజరుతో. “ఈ వారంలో చంపేద్దాం. కట్టుతోనే పోతాడు, ఆయనతో పనిలేదు. ఆ మేకప్ గదిలో కాపలా కాయొద్దని ఫోన్ చేసి చెప్పెయ్.”

మేనేజరు అక్కడే నిలబడి నంబరు నొక్కాడు. దుప్పటి కింద, పెద్దాయన జేబులో ఫోను మోగింది.

“నీదే డ్రైవరూ, షాటయిపోయిందిగా, తీసుకో,” అంది కోడలు.

ఆయన తీయలేదు. ఊపిరి కూడా తెలియనివ్వలేదు. మోగి మోగి ఆగింది.

“ఎత్తడం లేదు సార్,” అని మేనేజరు మళ్లీ నొక్కాడు.